హర్లర్ సిండ్రోమ్: ముఖంలో మార్పు, కంట్లో మసక.. అన్నీ ఫ్లోరైడ్ వల్లే అనుకోవద్దు!

నల్గొండ జిల్లాలో పిల్లల కాళ్లు వంకరపోయినా, వెన్ను వంగినా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లే. మర్రిగూడ, మునుగోడు వైపు జనం పడ్డ కష్టం అలాంటిది మరి. కానీ ఏడాది, రెండేళ్ల పిల్లల్లో వెన్ను వంకరతో పాటు ముఖం తీరు కూడా మారుతుంటే అది నీళ్ల సమస్య కాకపోవచ్చు. హర్లర్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు వ్యాధి కావొచ్చు.

జర్మనీకి చెందిన పిల్లల డాక్టర్ గెర్ట్రూడ్ హర్లర్ 1919లో దీని గురించి రాశారు. ఇది ఎంపీఎస్-1 వ్యాధిలో తీవ్రమైన రకం. కొన్ని రకాల చక్కెర పదార్థాలను ముక్కలు చేసే ఎంజైమ్ ఈ పిల్లల్లో పనిచేయదు. దాంతో అవి ఎముకల్లో, కాలేయంలో, గుండె కవాటాల్లో, మెదడులో పేరుకుపోతుంటాయి.

పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడే. మొదట బొడ్డు దగ్గరో గజ్జల్లోనో హెర్నియా, మాటిమాటికీ జలుబు, చెవిలో చీము, నిద్రలో గురక. విడివిడిగా చూస్తే ఇవి ఏ పిల్లల్లోనైనా ఉండేవే, అందుకే ఎవరూ కలిపి చూడరు. తర్వాత తల పెద్దదవుతుంది. ముక్కు దూలం అణిగిపోతుంది, పెదవులు, నాలుక మందమవుతాయి. నల్లగుడ్డు మసకబారుతుంది. నడుము దగ్గర వెన్ను గూనిలా పొడుచుకొస్తుంది, వేళ్లు బిగుసుకుపోయి పూర్తిగా చాపలేరు. కాలేయం, ప్లీహం వాచి పొట్ట ముందుకొస్తుంది. వచ్చిన మాటలు కూడా మెల్లగా పోతాయి.

ఫ్లోరోసిస్‌లో పళ్లపై మచ్చలు, ఎముకల వంకర ఉంటాయి. ముఖం తీరు మారదు, కన్ను మసకబారదు. తేడా పట్టుకోవాల్సింది ఇక్కడే.

తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ జన్యు లోపం దాగి ఉంటేనే బిడ్డకు వస్తుంది. ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. మేనరికాల్లో ముప్పు ఎక్కువ. గ్రహణం పట్టిందంటూ కోడలిని అనడంలో అర్థం లేదు.

అనుమానం వస్తే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఎక్స్‌రే, మూత్ర పరీక్షతో కొంత తెలుస్తుంది. ఖాయం చేసేది మాత్రం రక్తంలో ఎంజైమ్ పరీక్ష, జన్యు పరీక్ష. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా ఉన్నాయి.

ఆలస్యం ఎందుకు చేయొద్దంటే.. మూలకణ మార్పిడి రెండేళ్లలోపు చేస్తేనే మెదడును చాలావరకు కాపాడొచ్చు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలోనూ ఈ చికిత్సకు రెండేళ్ల లోపు అనే నిబంధన ఉంది. అర్హులైతే రూ.50 లక్షల వరకు సాయం అందుతుంది. ఎంజైమ్ ఇంజెక్షన్లు ఒంటికి మేలు చేస్తాయి గానీ మెదడు దాకా చేరవు. ఇంట్లో ఒక బిడ్డకు జన్యు లోపం ఖాయమైతే, తర్వాతి గర్భంలో మూడో నెలలోనే పరీక్ష చేసి చెప్పగలరు.