రాళ్ల పద్దు, మనుషుల పద్దు

పాత కట్టడాలను కాపాడుకోవాలని అందరూ అంటారు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే మాట తడబడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా సర్కారీ పద్దులు రాసినవాణ్ణి, పాతబస్తీలోనే కాపురమున్నవాణ్ణి. అందువల్ల ఈ చరిత్రను నేను ఖర్చు వైపు నుండి చూస్తాను.

నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి, గులాం యజ్దానీ గారిని దానికి అధిపతిగా నియమించింది. అప్పట్లో అజంతా గుహలు హైదరాబాదు రాజ్యంలోనివే. ఆ చిత్రాలు రాలిపోకుండా చూసేందుకు 1920లో ఇటలీ నుండి నిపుణులను రప్పించారు. పాలంపేట గుడులపై యజ్దానీ గారి గ్రంథం 1922లో వెలువడింది. తొంభై తొమ్మిదేళ్ల తరువాత, 2021లో, అదే పాలంపేట రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ తరం చేసిన సేవ తక్కువది కాదు. అయితే ఆనాటి ఖర్చు ప్రధానంగా రాళ్ల కోసం. గుడి నీడన బతికే మనిషికి కూడా ఒక పద్దు వేయాలన్న ఆలోచన చాలాకాలానికి గాని రాలేదు.

అది పదవ పంచవర్ష ప్రణాళికలో (2002–07) వచ్చింది. కేంద్ర పర్యాటక శాఖ గ్రామీణ పర్యాటక పథకంలో ఒక్కో ఊరికి రెండు పద్దులు పెట్టారు. రోడ్లు, వసతి, పరిసరాల బాగుకు 50 లక్షల రూపాయల వరకు. స్థానికుల శిక్షణకు, వారిని కూడగట్టడానికి 20 లక్షల వరకు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కూడా చేయి కలిపింది. నాటి ఉమ్మడి రాష్ట్రంలో ఎంపికైన ఊళ్లలో శ్రీకాళహస్తి, పోచంపల్లి ఉన్నాయి.

పోచంపల్లి మనకు కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబాజీ భూదానోద్యమం మొదలైన ఊరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021 డిసెంబరులో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఈ ఊరి పేరు చేరింది. అక్కడ చూడవలసింది కోటలు, మేడలు కావు. నూలుకు ముందే చిటికి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ తరువాతే మగ్గానికెక్కిస్తారు. ఇంటిల్లిపాదీ చేసే పని. ఆ శ్రమను కళ్లారా చూసినవారికి చీర ధర ఎందుకంత అన్నది వేరే చెప్పనక్కరలేదు. అదే డిజైను అచ్చు వేసిన గుడ్డ బజారులో చవగ్గా దొరుకుతున్న ఈ రోజుల్లో, నేతగాడికి ఇంతకు మించిన అండ లేదు. మగ్గం ఆగితే యాత్రికుడు చూడవలసినదే ఉండదు.

ఇక మన పాతబస్తీకి వద్దాం. చౌమహల్లా ప్యాలెస్‌ను నిజాం వంశీయులు శ్రద్ధతో బాగు చేయించారు. దానికి 2010లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం లభించింది. అవతల గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఆగాఖాన్ ట్రస్టు 2013లో పని చేపట్టింది. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. అదే ఏడాది కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకూ వచ్చింది. సంస్థాన వంశీకుల పూనికతో ఒక పల్లెటూరి కోట రాజధాని కట్టడాల సరసన నిలిచింది. డబ్బు ఖజానాదైనా, దాతలదైనా, వంశస్థులదైనా పని జరుగుతుందని వీటివల్ల రుజువైంది.

మరి పని పూర్తయ్యాక? మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, నిర్మాణ వ్యయం ఒక్కసారి, నిర్వహణ వ్యయం ఏటేటా. ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, సున్నం పెచ్చులూడిన నాడు ఎవరూ రారు. ఆ నాడు ముందుగా చూసేది, అడిగేది ఆ చుట్టుపక్కల బతికేవాడే. లాడ్‌బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొలిమి దగ్గర కూర్చుని లక్క కరిగించే కుటుంబానికి చార్మినార్ చూడవచ్చిన యాత్రికుడి వల్ల నాలుగు రూపాయలు మిగిలితేనే, ఆ కుటుంబం ఈ కట్టడాన్ని తన సొంతమనుకుంటుంది. టిక్కెట్ల రాబడిలో కొంత భాగం ఆ ఊరి, ఆ వాడ బాగుకే కేటాయించాలని నా అభిప్రాయం.

పెన్షనర్లం మనమేం చేయగలమని అడగవచ్చు. సెలవులకు వచ్చిన మనవళ్లను ఒక పూట పోచంపల్లికి తీసుకెళ్లండి. ఇంట్లో శుభకార్యానికి చీరలు నేతగాడి గడపలోనే కొనండి. మీ సొంత ఊళ్లో పాత గుడికో, మసీదుకో, బావికో మరమ్మతు తలపెడితే, అంచనా కాగితం అడిగి చూడండి. అందులో మనుషుల పద్దు ఖాళీగా ఉంటే, మన పాత అలవాటు ప్రకారం ఒక కొర్రీ రాసి ఫైలును వెనక్కి పంపండి.