‘ఒసిబిసా’: రాక్ సంగీతంలో ఘనా చాటింపు

‘ఒసిబిసా’ అదే పేరున్న ఆఫ్రో-రాక్ బృందం తొలి స్టూడియో ఆల్బమ్. ఎంసీఏ సంస్థ 1971లో విడుదల చేసిన ఈ ఆల్బమ్ బ్రిటన్ జాబితాలో 11వ స్థానానికి చేరింది. డేవిడ్ బోవీతో పనిచేసిన టోనీ విస్కాంటీ దీనికి నిర్మాత.

బృందం 1969లో లండన్‌లో ఏర్పడింది. సాక్సఫోన్, ఫ్లూట్ వాయించే టెడ్డీ ఒసై, ఆయన తమ్ముడు మాక్ టొంటో (ట్రంపెట్), డ్రమ్మర్ సోల్ అమార్ఫియో ఘనా దేశస్తులు. లసిసి అమావోది నైజీరియా. మిగతా ముగ్గురూ గ్రెనడా, ట్రినిడాడ్, ఆంటిగ్వా దీవుల నుంచి వచ్చినవారు. ఘనా తీరప్రాంతపు పాత నృత్య సంగీతం ‘ఒసిబిసాబా’ నుంచి బృందానికి ఆ పేరు వచ్చింది.

వలసలకు వ్యతిరేకంగా ఇనాక్ పావెల్ చేసిన ప్రసంగం బ్రిటన్‌ను కుదిపేసింది 1968లో. మరుసటి ఏడాదే పుట్టిన ఈ బృందం తన మూలాలను దాచుకోలేదు. ఆల్బమ్‌లోని ఏడు పాటల్లో ఒకదాని పేరు ‘అక్వాబా’. అకాన్ భాషలో స్వాగతం అని అర్థం. ‘మ్యూజిక్ ఫర్ గాంగ్ గాంగ్’లోని గాంగ్ గాంగ్ ఘనా పల్లెల్లో ఊరి పెద్ద కబురు వినిపించడానికి మోగించే లోహ వాద్యం. మన దండోరాకు డప్పు ఎలాగో, వారి చాటింపుకు అది అలాగ. ఈ లయలకు ఎలక్ట్రిక్ గిటార్, ఆర్గన్, జాజ్ తరహా హార్న్‌లు తోడయ్యాయి.

అట్టమీది ఎగిరే ఏనుగులను రోజర్ డీన్ గీశారు. ఆ బొమ్మ బృందానికి గుర్తుగా నిలిచిపోయింది. తొలి పాట ‘ది డాన్’ అడవి చప్పుళ్లతో మొదలవుతుంది. ఆఫ్రికా అంటే అడవేనన్న పాశ్చాత్యుల ఊహకు ఇవి ఊతమిచ్చాయా అన్న ప్రశ్న సహజం. అయితే అదే పాటలో తమ సంగీతాన్ని బృందమే తన మాటల్లో పరిచయం చేసుకుంటుంది. పరిచయకర్త వేరొకరు కాకపోవడమే ఇక్కడ కీలకం.

ఆఫ్రికా లయ తెలుగు నేలకూ కొత్త కాదు. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరే హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్‌కు మిగిలింది. అక్కడి సిద్దీల మర్ఫా నగరంలోని పెళ్లి ఊరేగింపుల్లో భాగమైపోయింది. మర్ఫాకు చిందేసే చాలామందికి దాని వెనుక ఉన్న సముద్ర ప్రయాణం తెలియదు. ఒసిబిసా మాత్రం ఆ మూలాన్నే ముందు చెప్పి, తర్వాత పాట అందుకుంది.