ఆపద సంకేతానికి చిరునామా: రక్షణ బీకన్ల చరిత్ర

జనావాసాలకు దూరంగా ప్రమాదంలో చిక్కుకున్నవారిని కాపాడడంలో మొదటి చిక్కు చికిత్స కాదు, ఆచూకీ. 1972 అక్టోబరు 16న అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ పక్ష నాయకుడు హేల్ బాగ్స్, మరో సభ్యుడు నిక్ బెగిచ్ ప్రయాణిస్తున్న చిన్న విమానం అలాస్కాలో ఆంకరేజ్ నుంచి జూనోకు వెళ్తూ అదృశ్యమైనప్పుడు, 39 రోజులు గాలించినా దాని జాడ దొరకలేదు. కూలిన తాకిడికి తనంతట తానే రేడియో సంకేతం పంపే ‘ఈఎల్‌టీ’ అనే బీకన్‌ను చిన్న విమానాల్లో అమర్చడం అమెరికాలో తప్పనిసరి అయినది ఆ దశాబ్దంలోనే. అయితే 121.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై మోగే నాటి బీకన్ ధ్వనిని సమీపంలో ఎగిరే మరో విమానమో, చేరువలోని రేడియో కేంద్రమో వింటే తప్ప దానివల్ల ప్రయోజనం ఉండేది కాదు.

ఈ పరిమితిని దాటే మార్గం అంతకు చాలాముందే అనుకోకుండా బయటపడింది. 1957లో స్పుత్నిక్ సంకేతాలను ఆలకించిన అమెరికన్ శాస్త్రవేత్తలు విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్, స్టేషన్ దాటిపోయే రైలు కూత స్థాయి మారినట్లే ఉపగ్రహం దగ్గరవుతూ దూరమవుతున్నప్పుడు దాని పౌనఃపున్యం మారుతుందని, ‘డాప్లర్ ప్రభావం’ అనే ఈ మార్పును కొలిచి ఉపగ్రహ కక్ష్యను గణించవచ్చని చూపారు. ఇదే గణితాన్ని తిరగేస్తే, కక్ష్య తెలిసిన ఉపగ్రహం నేలమీది బీకన్ స్థానాన్ని పసిగట్టగలదు. ఈ సూత్రం ఆధారంగా సోవియట్ యూనియన్, అమెరికా, కెనడా, ఫ్రాన్స్ 1979 నవంబరులో ‘కోస్పాస్–సార్‌శాట్’ వ్యవస్థకు అంగీకరించాయి; మరుసటి నెలలోనే సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించి ప్రచ్ఛన్నయుద్ధం మళ్లీ తీవ్రమైనా ఆ ఒప్పందం తెగలేదు. 1982 జూన్ 30న తొలి సోవియట్ ఉపగ్రహం కక్ష్యకు చేరగా, సెప్టెంబరులో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో కూలిన విమానంలోని ముగ్గురు దాని సాయంతో ప్రాణాలతో బయటపడ్డారు.

పాత బీకన్ సంకేతం ఎవరిదో చెప్పలేకపోవడం వల్ల, అసలైన ఆపదను పొరపాటున మోగిన బీకన్ నుంచి వేరుచేయడం రక్షణ కేంద్రాలకు భారమయింది. దీనికి విరుగుడుగా రూపొందిన 406 మెగాహెర్ట్జ్ బీకన్ సుమారు 50 సెకన్లకొకసారి తన గుర్తింపు సంఖ్యతో కూడిన డిజిటల్ సందేశం పంపుతుంది. యజమాని ముందుగా వివరాలు నమోదు చేయించుకుని ఉంటే, గాలింపు బృందం బయలుదేరకముందే ఇంటికి ఫోన్ చేసి నిజానిజాలు తేల్చుకోవచ్చు. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5 సంకేతాలను స్వీకరించడం మానేయగా, ఆ పౌనఃపున్యం దగ్గరికి చేరిన బృందాలకు దారి చూపడానికి మిగిలింది. ఈ బీకన్లలో విమానాలవి ఈఎల్‌టీలు, నౌకలవి ఈపీఐఆర్‌బీలు, వ్యక్తులు వెంట తీసుకువెళ్లేవి పీఎల్‌బీలు.

కోస్పాస్–సార్‌శాట్ వ్యవస్థలో భారతదేశానికి ఇస్రో ద్వారా బెంగళూరు, లక్నోలలో సంకేతాలను స్వీకరించే భూకేంద్రాలు, బెంగళూరులో నియంత్రణ కేంద్రం ఉన్నాయి. ఇస్రో 2010 నుంచి మత్స్యకారులకు అందించిన ‘డాట్’ అనే ఆపద సందేశ పరికరం దీనికి సమాంతర ప్రయత్నం. 2024లో వచ్చిన దాని రెండో తరం, సందేశం అందినట్లు పడవలోనివారికి తిరుగు కబురు పంపుతుంది.

ఇంతలో వేరొక పాయ వ్యాపార ఉపగ్రహాల నుంచి పుట్టింది. గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలపై 2007లో వచ్చిన ‘స్పాట్’, ఇరిడియం ఉపగ్రహాలపై 2011లో వచ్చిన ‘ఇన్‌రీచ్’ ప్రయాణికుడి దారిని ఎప్పటికప్పుడు నమోదు చేసే ట్రాకర్లు. వీటిలో ఇన్‌రీచ్ మొదటినుంచీ ఇరువైపులా సందేశాలు నడిపింది. 406 బీకన్ సంకేతం నెలవారీ రుసుము లేకుండా ప్రభుత్వ రక్షణ కేంద్రానికే చేరుతుంది, కాని గాయం తీవ్రతను వివరించలేదు. ఇరువైపులా సందేశాలు నడిపే ట్రాకర్ వివరించగలదు, కాని చందా గడువు తీరితే మూగబోతుంది. పైగా దాని పిలుపు మొదట ప్రైవేటు సేవాకేంద్రానికి చేరి, అక్కడినుంచి ప్రభుత్వ సంస్థకు వెళ్లవలసి ఉంటుంది.

ఈ రెండూ ఒకదానికొకటి బదులు కావని 2018 గోల్డెన్ గ్లోబ్ తెరచాప పడవల పందెం నిరూపించింది. సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులో తెరస్తంభం విరిగి, వెన్నుకు గాయమై కదలలేని స్థితిలో పడిన భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ, ఈపీఐఆర్‌బీ ద్వారా తన స్థానాన్ని, ఉపగ్రహ సందేశ పరికరం ద్వారా తన పరిస్థితిని తెలియజేయగా, ఆస్ట్రేలియా రక్షణ కేంద్రం సమన్వయంతో ఫ్రెంచి గస్తీనౌక ఒసిరిస్ ఆయనను సెప్టెంబరు 24న కాపాడింది.

అయితే భారతదేశంలో శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు వాడాలంటే టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి కావాలి. అది లేకుండా వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడిన విదేశీ యాత్రికులున్నారు. అందువల్ల పరికరం ఎంపికలో బరువు, ధర, బ్యాటరీ గడువుల కంటే ముందు తేల్చుకోవలసినది, ఆ ప్రాంతంలో దాన్ని చట్టం ఒప్పుకుంటుందా, దాని సంకేతం అందుకుని రక్షకులను కదిలించే బాధ్యత ఎవరిది అన్నదే.