స్విచ్‌ చిరునామాలు నేర్చిన కథ

ఆదోని పత్తి మార్కెట్ చుట్టుపక్కల మండీల్లో, ఎమ్మిగనూరు మీసేవ కేంద్రాల్లో బల్ల కిందో గోడ మీదో స్విచ్ అనే ఓ చిన్న పెట్టె కనిపిస్తుంది. కంప్యూటరు, బిల్లు ప్రింటరు, సీసీ కెమెరా వైర్లన్నీ దాంట్లోకే వెళ్తాయి. ఏ వైరు చివర ఏ యంత్రముందో ఆ స్విచ్‌కు ఎవరూ చెప్పరు. అదే నేర్చుకుంటుంది.

ఈ తెలివి మొదట్లో లేదు. 1973లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్‌కు రూపమిచ్చినప్పుడు కంప్యూటర్లన్నిటికీ ఒకటే కేబుల్. ఒకటి పంపింది అన్నిటికీ చేరేది, రెండు ఒకేసారి పంపితే రెండూ చెడిపోయేవి. 1980 నాటి ప్రమాణంలో 48 బిట్ల చిరునామా వచ్చింది. ప్రతి యంత్రానికీ ప్రపంచంలో మరెక్కడా లేని సంఖ్య ఎందుకుండాలో 1981లో ఓ పత్రంలో వాదించిన ఇద్దరిలో యోగేన్ దలాల్ ముంబయి ఐఐటీలో చదివినవాడు.

ఆ చిరునామాలను గమనించి నేర్చుకునే పెట్టె డెక్ సంస్థలో మార్క్ కెంఫ్ చేతిలో తయారైంది. 1986లో లాన్‌బ్రిడ్జ్ 100 పేరుతో బజారుకొచ్చింది. దాని కిటుకు నాకెంతో ఇష్టం. ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్ ఉత్తరాల మీద పంపినవారి చిరునామా చూసి, ఏ వీధి డబ్బాలోంచి వచ్చిందో రాసిపెట్టుకున్నట్టు, ఈ పెట్టె ప్రతి ఫ్రేములోనూ (సమాచారపు మూటలోనూ) పంపినవారి చిరునామా చూసి, అది వచ్చిన పోర్టు (వైరు గుచ్చే చోటు) పక్కన పట్టికలో రాసుకుంటుంది. అందుకోవాల్సినవారు పట్టికలో ఉంటే ఆ పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప అన్నిటికీ పంపి, జవాబు రాగానే కొత్త పేరు చేర్చుకుంటుంది. సాధారణంగా 300 సెకన్లు ఉలుకూ పలుకూ లేని చిరునామాను కొట్టేస్తుంది. ప్రింటరును ఒక గదిలోంచి మరో గదికి మార్చినా పని ఆగకపోవడం అందుకే.

ఒక్క చిక్కు మిగిలింది. పెట్టెల మధ్య దారులు గుండ్రంగా కలిస్తే ఫ్రేములు ఆగకుండా తిరుగుతాయి, పట్టికలు తారుమారవుతాయి. డెక్‌లోనే పనిచేసిన రేడియా పర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ పద్ధతితో దాన్ని విడదీసింది. చవక స్విచ్‌లలో చాలావాటికి ఆ రక్షణ ఇప్పటికీ ఉండదు. ఒకే వైరు రెండు కొసలూ పొరపాటున ఒకే స్విచ్‌లో గుచ్చితే ఆఫీసంతా స్తంభించిపోతుంది. అందుకే ఉపయోగంలో లేని వైర్లను వేలాడనివ్వకుండా తీసేయాలి.

ఇలాంటి రెండు మూడు పోర్టుల పెట్టెను, అంటే బ్రిడ్జిని, అనేక పోర్టుల స్విచ్‌గా మార్చి 1990లో అమ్మిన కంపెనీ కల్పన. వినోద్ భరద్వాజ్ స్థాపకుల్లో ఒకరు, కంపెనీకి తన భార్య పేరే పెట్టాడు. 1994లో సిస్కో దాన్ని కొనుక్కుంది.

2020 నాటికి మన ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత చిరునామా చూపడం మొదలుపెట్టాయి. స్విచ్ వాటినీ అలాగే పట్టికలో రాసుకుంటుంది.