మధిరావిడ పేరేమిటి?

2023 వేసవిలో ఖమ్మంలో మా పెద్దక్క కూతురి పెళ్ళి జరిగింది. పీటల మీద పురోహితులవారు ప్రవర చెప్పడానికి గొంతు సవరించుకుని, "ముత్తాతగారి పేరు చెప్పండి" అన్నారు. మా బావగారు తెల్లమొహం వేశారు. వెనక కుర్చీలో కునుకుతున్న వాళ్ళ బాబాయిగారిని తట్టి లేపితే, ఆయన కళ్ళు తెరవకుండానే పేరు చెప్పేశారు. అందరం 'అమ్మయ్య' అనుకున్నాం.

పెళ్ళికూతురు మాత్రం వూరుకోలేదు. బుట్ట పక్కకి వంగి నా చెవిలో, "పిన్నీ, ఆ ముత్తాతగారి భార్య పేరేమిటి?" అంది.

నాకెలా తెలుస్తుంది? భోజనాల దగ్గర మా బావగారిని అడిగాను. ఆయన వాళ్ళ అత్తయ్యని అడిగారు. ఆవిడ ఆలోచించి, "పేరేమో గానీ, వూళ్ళో అందరూ మధిరావిడ అనేవాళ్ళు" అంది. పుట్టింటి వూరి పేరు మిగిలింది గానీ మనిషి పేరు మిగల్లేదు! తొమ్మిదిమంది పిల్లల్ని కని, ఆ యింటి కందిపప్పూ కన్నీళ్ళూ అన్నీ చూసిన మనిషికి మనవాళ్ళు మిగిల్చింది రైలుస్టేషను పేరు.

మర్నాడు కొత్త దంపతుల్ని తీసుకుని భద్రాచలం వెళ్ళాం. పాల్వంచ దాటాక అడవి దగ్గర పడుతుంటే వ్యానులో రామదాసు మాట వచ్చింది. కంచర్ల గోపన్న తహసీలు చేసింది ఈ పాల్వంచ పరగణాలోనేగా! మా అక్క కీర్తన అందుకుంది. తర్వాత ఎవరో సమ్మక్క సారలమ్మల సంగతి ఎత్తారు. అప్పుడు పెళ్ళికొడుకు వైపు పెద్దాయన, "ఆ కథ పాడే డోలీ ఆయన మణుగూరు దగ్గర కూనవరంలోనే వుంటారు. పద్మశ్రీ కూడా యిచ్చారు" అన్నారు.

నేను వులిక్కిపడ్డాను. ఎందుకంటే, ఆ రోజుల్లో నేను కాకతీయుల కాలం మీద ఒక నవల మొదలుపెట్టి సగంలో చతికిలపడి వున్నాను. రుద్రమదేవి గురించి బల్లనిండా పుస్తకాలున్నాయి. ఓరుగల్లు కోట కొలతలు కూడా దొరికాయి. కానీ ఆ కోటకి పన్ను కట్టలేక ఎదురుతిరిగిన అడవి సంగతి కావాలంటే నా దగ్గరున్న పుస్తకాలన్నీ మూగనోము పట్టాయి.

కథ మీకు తెలిసిందే. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సేన వచ్చింది. పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో దూకాడు. అదే యిప్పటి జంపన్న వాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్ళకి కుంకుమభరిణె దొరికింది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారంలో జరిగేది ఆ తల్లుల జాతరే. అక్కడ విగ్రహం లేదు. కుంకుమభరిణె, వెదురు కర్రలు, 'బంగారం' అని పిలుచుకునే బెల్లం, అంతే.

ఇంత కథా ఇన్నాళ్ళూ ఎక్కడ దాగింది? పుస్తకాల్లో కాదు. డోలీల గొంతులో!

కోయల్లో డోలీలంటే చరిత్ర చెప్పేవాళ్ళు. కోయల సమాజమంతా 'గట్టు' అనే వంశవిభాగాలుగా వుంటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు, యిలాగ. ఏ యింటిపేరువాళ్ళు ఏ గట్టు, వాళ్ళ వేల్పు ఎవరు, ఆ వేల్పు ఏ వూరినించి ఏ వూరికి వచ్చింది అనేదంతా డోలీలకి నోటికి రావాలి. వేల్పుల కొలువు జరిగినా, యింట్లో ఎవరైనా పోయి కర్మ చేసినా, డోలీ వచ్చి ఆ వంశకథ పాడాలి. పాడేటప్పుడు ఎదురుగా 'పడిగె' వుంటుంది. జెండాలా పొడవుగా, కొస సన్నగా వుండే గుడ్డ అది. దాని మీద వేల్పుల బొమ్మలు, గుర్తులు వుంటాయి. అక్షరం ఒక్కటి వుండదు. డోలీ ఆ బొమ్మల్ని చదువుతాడు. మనం పుస్తకం చదివినట్టే, కానీ పేజీ తిప్పక్కర్లేదు.

ఆ డోలీల్లో పేరు మోసిన పెద్ద సకిని రామచంద్రయ్య గారు. మణుగూరు మండలం కూనవరం ఆయనది. (గోదావరి, శబరి కలిసే చోట మరో కూనవరం వుంది. అది 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. రెండూ ఒకటి కాదు సుమండీ!) మెడలో డోలు వేసుకుని, పక్కన కంచు తాళాలు మోగుతుంటే, కోయభాషలోనూ తెలుగులోనూ గంటల తరబడి కథ చెప్పేవారు. గిరికామరాజు, పగిడిద్దరాజు, బాపనమ్మ, ముసలమ్మ, నాగులమ్మ, ఇలా ఎందరి కథలో ఆయన కంఠంలో వుండేవి. మన పెళ్ళిప్రవరలో తాత, ముత్తాతలే తప్ప అవ్వ, ముత్తవ్వ వుండరు కదా! అక్కడ ఆడవాళ్ళు కూడా వంశం మూలంలో పేరుపేరునా కూర్చున్నారు. వేల్పులై కూర్చున్నారు.

2022 జనవరిలో ఆయనకి పద్మశ్రీ ప్రకటించారు. సరిగ్గా ఫిబ్రవరిలో మేడారం జాతర. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. అదే పద్మాల పట్టికలో ఇంకో పేరు కూడా వుంది, గోసవీడు షేక్ హసన్ సాహెబ్. నాదస్వర విద్వాంసులు. భద్రాచలం రామాలయంలో ఆస్థాన విద్వాంసులుగా వున్నవారు. ఆయనకి ఆ గౌరవం మరణానంతరం దక్కింది. చూడండి, రాములవారి చెంత నాదస్వరం వూదింది ఒక ముస్లిం పెద్దాయన. గోదావరి ఇవతల అడవితల్లుల కథ మోసింది ఒక కోయ పెద్దాయన. ఒకే గోదావరి గాలి, ఒకే ఏడాది, రెండు గౌరవాలు. భద్రాచలం అనగానే మనకి గుర్తొచ్చేది మాత్రం తలంబ్రాల ముత్యాలే!

సరే, ఆ రోజు సంగతి చెప్తాను. దర్శనమయ్యాక నేను మెల్లిగా, "వంతెన దాటి సారపాక మీదుగా మణుగూరు వెళ్ళివద్దామా? ఆయన్ని ఓసారి చూస్తాను" అన్నాను. మా అక్క గుడ్లురిమింది. అప్పగింతలున్నాయి, వంటవాళ్ళ లెక్కలున్నాయి, వ్యాను రాత్రికల్లా తిరిగి యివ్వాలి. "ఆయనెక్కడికి పోతారే, మళ్ళీ వద్దాం" అంది. నాకూ సబబుగానే తోచింది. 2024 ఫిబ్రవరి జాతరకి వెళ్ళి, అటునించి కూనవరం వెళ్దామనుకున్నాను. జనం భయం వేసి ఆగిపోయాను. ఎండలు తగ్గాక వెళ్దామనుకున్నాను.

2024 జూన్ 23న ఆయన పోయారు. అరవై ఏళ్ళ చేరువలోనే. పేపరు చేతిలో పట్టుకుని కాఫీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. వాయిదా వేసింది నేను.

మా పెళ్ళికూతురు యిప్పుడు అమెరికాలో, టెక్సాసులోని శాన్ ఆంటోనియోలో కాపురం చేస్తోంది. ఫోనులో ఈ సంగతి చెప్పుకుని బాధపడితే, "పిన్నీ, ఇక్కడా ఇలాంటి కథే వుంది" అని ఒకటి చెప్పింది. అక్కడి మెక్సికన్ కుటుంబాలవాళ్ళు అకార్డియన్ వాయిస్తారట. మన హార్మోనియం పెట్టెకి దాయాది లాంటిది, గుండెకి తగిలించుకుని వాయిస్తారు. ఒకప్పుడు జర్మనీనించి వచ్చి స్థిరపడ్డవాళ్ళ దగ్గర చూసి దాన్ని తమది చేసుకున్నారు. ఆ సంగీతానికి తండ్రి అనిపించుకున్న నార్సిసో మార్తినేజ్‌కి 1983లో అమెరికా ప్రభుత్వ జాతీయ వారసత్వ పురస్కారం వచ్చింది. అంత పేరున్నవాడూ పొలం పనులు చేసి, లారీ తోలి, జంతుప్రదర్శనశాలలో పనిచేసి బతికాడు.

వాళ్ళకీ వీరగాథల పాటలున్నాయి. 1901లో గ్రెగోరియో కోర్తెజ్ అనే అతన్ని, "గుర్రం మార్చుకున్నావా?" అని పోలీసు అధికారి అడిగాడు. అతను మార్చుకున్నది ఆడగుర్రం. వాళ్ళ భాషలో దానికి వేరే మాట. అందుకని లేదన్నాడు. దుబాసీకి ఆ తేడా తెలియలేదు. అబద్ధమనుకుని అధికారి పిస్తోలు తీశాడు. కోర్తెజ్ అన్నకి గుండు తగిలింది, ఎదురు కాల్పుల్లో అధికారి చనిపోయాడు. వందలమంది వెంటపడితే కోర్తెజ్ రోజుల తరబడి తప్పించుకు తిరిగాడు. అధికారుల లెక్కలో అతను హంతకుడు, పాటలో వీరుడు. అమెరికో పారెదెస్ అనే పండితుడు ఆ పాట వెనక నడిచి వెళ్ళి, 1958లో దాని మీద పుస్తకం రాసేదాకా చదువుకున్న ప్రపంచానికి పాట చెప్పిన వైపు కథ అందలేదు.

మన వైపూ అలా నడిచి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ గార్ల వంటి పరిశోధకులు డోలీలు చెప్పిన కథల్ని, పడిగెల్ని సేకరించి భద్రపరిచారు. వారికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. నా నవలకి కావలసిన అడవి చివరికి నాకు అక్కడ్నించే దొరికింది. రామచంద్రయ్య గారి పాట రికార్డుల్లో విన్నాను. అయినా ఒక లోటు వుంది. రికార్డుని మనం ప్రశ్న అడగలేం. "ఆ తల్లి ఎవరి బిడ్డ, బాబాయ్?" అని ఆపి అడిగితే చెప్పేది మనిషే.

పడిగె గుడ్డ పెట్టెలో దాచుకోవచ్చు, చదివే గొంతు దాచుకోలేం. బిరుదు ఇవ్వడం మంచిదే. కానీ బిరుదు వచ్చేనాటికి పాడేవాడి వయసు మీరుతుంది, పక్కన తాళం వేసే కుర్రాడు కూలిపనికి పోతాడు. ఆ కుర్రాడికి డోలు మెడలో వేసుకుంటే కూడా పూట గడుస్తుందన్న నమ్మకం కలిగితే, అదీ అసలు సన్మానం.

ఇక మధిరావిడ సంగతి. మొన్న సంక్రాంతికి మా అక్కావాళ్ళ అటక దులుపుతుంటే ఒక పాత కంచుచెంబు దొరికింది. చింతపండుతో తోమితే మెడ కింద అక్షరాలు తేలాయి. పుట్టింటివాళ్ళు సారెలో పెట్టేటప్పుడు పేరు కొట్టించారు కాబోలు. 'సీతారామమ్మ' అని వుంది. మా బావగారి అత్తయ్య చూసి, "అవును, ఆవిడదే, ఆ చెంబుతోనే మజ్జిగ పోసేది" అంది. ఆ మాటతో ఇంకో నాలుగు సంగతులు బయటపడ్డాయి. నేను కాగితం తెచ్చుకుని రాసుకున్నాను.

రాత్రి టెక్సాసుకి ఫోను చేసి పేరు చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "ఆవిడ వాళ్ళమ్మ పేరేమిటి పిన్నీ?" అంది.

అత్తయ్యకి ఎనభై ఆరేళ్ళు. ఈసారి వాయిదా వెయ్యదలుచుకోలేదు. పొద్దున్నే బయల్దేరుతున్నాను.