చిరాగ్ దిల్లీ దారిలో నడిచేవాళ్లు

ఢిల్లీలో డిసెంబరు సాయంత్రం. మూల్‌చంద్ దాటి జోసిప్ బ్రోజ్ టిటో మార్గ్ వెంట దక్షిణానికి నడుస్తున్నారు మీరు. పొగమంచుకు గొంతు గరగరలాడుతోంది. కాలు బాగా పైకెత్తి ఫుట్‌పాత్ ఎక్కారు. పది అడుగులు వేశారో లేదో, ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం. దాన్ని తప్పించుకుంటే, రెండు చక్రాలు పైకెక్కించి నిలిపిన కారు. ఇక రోడ్డు మీదికి దిగాల్సిందే. దిగగానే వీపు వెనక హారన్.

మీ పక్కనుంచే సైకిళ్లు పోతున్నాయి. వెనక లైట్లు లేవు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బాలు. కాపలా పని, రంగుల పని ముగించుకుని అంబేడ్కర్ నగర్, దక్షిణ్‌పురి, సంగం విహార్ వైపు ఇళ్లకు పోతున్నవాళ్లు. బస్సు స్టాపు కోసం ఎడమకు కోసుకు వచ్చినప్పుడల్లా బ్రేకు పట్టి, కాలు నేలకు ఆనించి, బస్సుకీ కారుకీ మధ్య సందులో ఊపిరి బిగబట్టి నిలబడతారు.

ఈ దారిలోనే 2008లో వాళ్ల కోసం విడిగా లేన్ వేశారు. అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ (బీఆర్‌టీ) దారి అది: మధ్యలో బస్సులు, అంచున సైకిళ్లు, ఆ పక్కన నడిచేవాళ్లు. ఐఐటీ ఢిల్లీ పరిశోధకులు దినేశ్ మోహన్, గీతం తివారీ ఏళ్ల తరబడి అధ్యయనం చేసి చెప్పిన పద్ధతి. లోపాలున్నాయి. స్టాపులు రోడ్డు మధ్యలో ఉండడంతో బస్సెక్కాలంటే ట్రాఫిక్ దాటాలి. సిగ్నళ్ల దగ్గర కార్ల బారు పెరిగింది. దీన్ని ఎత్తేయాలన్న పిటిషన్‌ను 2012లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అయినా 2016లో ప్రభుత్వమే కూల్చడం మొదలుపెట్టింది. లోపాలు సరిదిద్దాల్సిన చోట దారినే తీసేశారు. సైకిళ్లు మాత్రం పోతూనే ఉన్నాయి, ఇవిగో మీ కళ్ల ముందే.

చిరాగ్ దిల్లీ కూడలి. ఎర్ర లైటు పడింది, అయినా ఎడమకు తిరిగే బండ్లు ఆగవు. చంటిబిడ్డను చంకనేసుకున్న ఒకావిడ అడుగు ముందుకు వేసి, వెనక్కి తీసి, మళ్లీ వేస్తోంది. మీరు చెయ్యి అడ్డంపెట్టి ఆమెతో పాటు నడుస్తారు. సగంలో ఉండగానే పచ్చలైటు పడింది. ఇద్దరూ డివైడర్ మీదికి పరుగెత్తారు.

ఫుట్‌పాత్ మీద నడిచేందుకు కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలనీ, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనీ రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. భద్రమైన ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. కొలతలు ఉన్నాయి, హక్కు ఉంది. రోడ్డు వేసేవాళ్లు లెక్కించాల్సింది గంటకు ఎన్ని కార్లు పోతున్నాయని కాదు, ఎంతమంది మనుషులు ఇల్లు చేరుతున్నారని. ఆ లెక్క వేస్తే మొదటి వాటా నడిచేవాళ్లదీ సైకిలు తొక్కేవాళ్లదీ అవుతుంది. వాళ్ల లేన్ వాళ్లకు తిరిగి ఇవ్వాలి.