నాలుగు మొక్కల వంశవృక్షం

మన పెద్దలలో పామాయిల్ గెలలు కోసినవారు, మోసినవారు ఎందరో ఉన్నారు. ఆ చెట్టు మలయాకు ఎట్లా వచ్చినదో తెలిసినవారు మాత్రం కొద్దిమందే. హాలండు వెళ్ళినప్పుడు ఆమ్‌స్టర్‌డాం వృక్షోద్యానంలో ఆ కథకు ఒక మొదలు కనిపించింది.

1638లో మందుమొక్కల కోసం నెలకొల్పిన తోట అది. 1682లో ఇప్పటి చోటికి మార్చారు. తరువాత నగర విశ్వవిద్యాలయపు తోట అయినది. డచ్చి ఓడలు దేశదేశాల మొక్కలను అక్కడికి చేర్చాయి. 1980లలో విశ్వవిద్యాలయం ఖర్చు భరించడం మానుకున్నా తోట నిలిచింది.

పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848లో జావాలోని బోగోర్ తోటకు నాలుగు మొక్కలు చేరాయి. రెండు ఆమ్‌స్టర్‌డాం నుండి. తక్కిన రెండు బూర్బోన్ లేక మారిషస్ నుండి. వాటి సంతతి సుమత్రాలోని డేలీకి, అక్కడి నుండి మలయాకు వచ్చింది. 1917లో సెలంగోర్‌లోని తెన్నమరం ఎస్టేటులో ఫ్రెంచి దొర ఆంరీ ఫొకొన్నియే మలయాలో మొదటి పామాయిల్ వ్యాపారపు తోట వేయించాడు.

అక్కడ 1912 నాటి తాటిజాతి చెట్ల అద్దాలమేడలో నిలబడ్డాను. మొక్కల ముందు పేరు, పుట్టిన దేశం రాసిన పలకలున్నాయి. మా తాతగారు విశాఖపట్నం వైపు నుండి వచ్చారని మాత్రమే మాకు తెలుసు. ఆ ఊరి పేరు మా నాన్నగారికే గుర్తులేదు. మొక్క ఓడెక్కిన సంవత్సరం రాసి ఉంచారు. ఆ చెట్టు గెలలు మోసిన మనిషి ఊరు మేమే పోగొట్టుకున్నాము.

ఇంట్లో పెద్దలున్నవారు ఈ ఉగాదికైనా వారి దగ్గర కూర్చోండి. ఊరు, ఓడ, ఎస్టేటు పేర్లు అడిగి ఒక పుస్తకంలో రాసి ఉంచండి.